యంత్రానికి ఏ భాష నేర్పాలి?

దుకాణంవాడు ఎంత పొగిడినా, మా నాన్న నేల చూడకుండా విత్తనం కొనడు. పల్లపు మడికి పనికొచ్చే వరి మెట్టకు పనికిరాదంటాడు. కంప్యూటర్ భాషల తగవులో నాకు దారి చూపింది ఈ చిన్నమాటే.

జాలరిపేటలో నా సహాధ్యాయి ఒకడున్నాడు. వాళ్ళమ్మ తెల్లవారుజామున రేవులో చేపలు కొని ఊళ్ళో అమ్ముతుంది. మిగిలినవి రాత్రికి ఐసుపెట్టెలో ఉంచుతుంది. ఒకనాడు ఐసు కరిగి బుట్టెడు చేప పాడైంది. ఆమె బాధ చూడలేక మేమిద్దరం ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డూ, డీఎస్18బీ20 అనే వేడిమి కొలిచే సెన్సారూ కొన్నాం. పెట్టెలో వేడి 5 డిగ్రీలు దాటితే ఫోనుకు కబురు రావాలి. అంతే మా కోరిక.

తగవు అక్కడే మొదలైంది. వాడు సీ భాష అన్నాడు, నేను మైక్రోపైథాన్ అన్నాను. వాడి వాదం తీసిపారేయదగింది కాదు. బెల్ లాబ్స్‌లో 1972 ప్రాంతాన డెనిస్ రిచీ రూపొందించిన సీ వేగమైనది, మెమరీని పొదుపుగా వాడుతుంది. 2013లో డామియన్ జార్జ్ తెచ్చిన మైక్రోపైథాన్‌కు ఇంటర్‌ప్రెటరే కొంత చోటు తినేస్తుంది. 2014లో వచ్చిన ఈఎస్‌పీ8266లో ఆ ఇరుకు బాగా తెలుస్తుంది. కాని ఈఎస్‌పీ32లో 520 కిలోబైట్ల ర్యామ్ ఉంది. పది నిమిషాలకొకసారి వేడి చూసే పనికి అంత వేగమెందుకు? బ్యాటరీని తినేది వైఫై. కబురు పంపేటప్పుడు వంద మిల్లీ ఆంపియర్లు దాటుతుంది. గాఢనిద్రలో ఆ చిప్‌కు మైక్రో ఆంపియర్లు చాలు. ఏ భాషలో రాసినా దాన్ని నిద్రపుచ్చడం తెలియాలి.

మా వాదమంతా విని వాళ్ళమ్మ ఒక్కటే అడిగింది: "మీ సదువులైపోయి ఎలిపోతే, ఇది సెడిపోయిన్నాడు ఎవులు సూస్తారు బాబూ?"

ఇద్దరికీ నోట మాట రాలేదు.

సీలో ఒక్క అంకె మార్చినా మళ్ళీ కంపైల్ చేసి ఎక్కించాలి. మైక్రోపైథాన్‌లో వైరు తగిలించి ఒక వరుస టైపు చేస్తే జవాబు అక్కడికక్కడే వస్తుంది. పదో తరగతి చదివే వాడి చెల్లెలు ఆ వరుసలు చదివి, 5 ఉన్నచోటు తానే వెతికి 3 చేసింది. "ఇంతేనా అన్నా?" అంది. తగవు తీరిపోయింది.

సీ అక్కర్లేదని నేననను. మెమరీ ఇరుకైనచోట, మైక్రోసెకన్లు లెక్కకొచ్చేచోట అదే దిక్కు. అయితే మన ల్యాబులో మార్కులకోసం రాసే ప్రోగ్రాము పరీక్షతోనే చస్తోంది. మిత్రులారా! భాష ఎంచుకునేముందు, రేపు దాన్ని బాగుచేయవలసింది ఎవరో ఒక్కసారి తలచుకోండి. ముందు నేల, తరువాతే విత్తనం.