అచ్చున కొదుగని ఆటగాడు

1994వ సంవత్సరమున ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగు క్లబ్బులు తమ వాడుక ప్రకారము యువకులను వరుసగా ఏరుకొనుచుండగా, 216 పేర్లు పిలువబడిన పిమ్మట, క్విబెక్ నగరపు క్లబ్బు టిమ్ థామస్ అను గోల్‌కీపరును కోరుకొనెను. 217వ వానిని ఎన్నుకొనుటయందు ఆశ యెంత యుండునో చెప్ప నక్కరలేదు. సంతలో బేరము ముగిసి బండి కట్టబోవునపుడు కొసరుగా వేసిన వంకాయ వంటి దా యెన్నిక. మిచిగాన్ రాష్ట్రమందలి ఫ్లింట్ పట్టణమున పుట్టిన ఆ యువకునకు అప్పటికి ఇరువది యేండ్లు. వెర్మాంట్ విశ్వవిద్యాలయమున చదువుకొనుచుండెను. అతడు ఆ లీగులో స్థిరమైన చోటు సంపాదించునప్పటికి ముప్పది యొక్క యేండ్లు నిండినవి. నడుమ గడచిన పదునొకండేండ్లలో అతనికి ఆట రాకపోయెనా, లేక చూచువారికి చూచుట రాకపోయెనా? పిల్లల యోగ్యతను నిర్ణయించు భారము నెత్తిన వేసికొన్న వారందరును ఆలోచింపదగిన ప్రశ్న యిది.

హాకీ యనగనే మన విద్యార్థులకు పచ్చిక మైదానమును, ధ్యాన్‌చంద్ పేరును జ్ఞప్తికి వచ్చును. ఇక్కడ చెప్పబడుచున్నది మంచుగడ్డపై, అడుగున ఉక్కు బద్దలు గల జోళ్ళు తొడిగి ఆడు హాకీ. బంతికి బదులు మూడంగుళముల వెడల్పు, ఒక అంగుళము మందము గల గట్టి రబ్బరు బిళ్ళ. గోలు ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. ఒక్కొక్కప్పుడు గంటకు తొంబది మైళ్ళకు మించిన వేగముతో ఆ బిళ్ళ దూసికొని వచ్చును. అదియును ఎదుట కాళ్ళును, కర్రలును అడవివలె అడ్డముండగా. కంటితో చూచి, బుద్ధితో నిశ్చయించి, చేతితో ఆపుటకు వ్యవధి యుండదు. కావున గోల్‌కీపరు దెబ్బ రాకముందే సిద్ధపడి యుండవలెను. ఈ సిద్ధపాటునకు ఒక శాస్త్ర మేర్పడినది.

ఆ శాస్త్రమునకు సీతాకోకచిలుక పద్ధతి యని పేరు. మోకాళ్ళు రెండును మంచుపై ఆనించి, మందపు మెత్తలు కట్టిన కాళ్ళను రెక్కలవలె చెరియొక ప్రక్కకు విప్పి, గోలు క్రిందిభాగమంతయు మూసివేయుట దీని సారము. 1950లలో గ్లెన్ హాల్ అను గోల్‌కీపరు దీనికి దారి తీసెను. 1980ల నడుమ మాంట్రియాల్ జట్టున చేరిన పాట్రిక్ ర్వా, అతని శిక్షకుడు ఫ్రాంస్వా అలేర్ దీనికి మెరుగు పెట్టి ప్రపంచమున కంతకును ప్రమాణము చేసిరి. బిళ్ళ వెంట పరుగెత్తుట కాదు, బిళ్ళయే వచ్చి తగులునట్లు దేహమును సరియైన చోట నుంచుట ఇందలి కిటుకు. ఇది నేర్పుటకు వీలైనది, నేర్చుకొనుటకును వీలైనది. తప్పు జరిగినచో ఎక్కడ జరిగెనో వేలుపెట్టి చూపవచ్చును.

థామస్ ఆట ఈ వ్యాకరణమునకు లొంగలేదు. అతడు గోలు వదలి ముందునకు ఉరుకును, వెల్లకిల పడును, పడినవాడు పడియుండగనే కాలెత్తి యాపును, కర్ర చాచి యాపును. ఏ అవయవము దగ్గర నుండిన దానితో ఆపుటయే అతని నియమము. క్రొత్తగా చూచువారికి అది నీట పడినవాడు కొట్టుకొనుటవలె కన్పట్టును. ఎత్తు ఐదడుగుల పదునొకండంగుళములు. ఈ కాలపు గోల్‌కీపర్లలో అది పొట్టి క్రిందనే లెక్క. విధి వైచిత్ర్య మేమన, అతని నెన్నుకొన్న క్విబెక్ క్లబ్బు 1995లో కొలరాడోకు తరలిపోయెను. ఆ యేడు డిసెంబరులో ఆ క్లబ్బే పాట్రిక్ ర్వాను తెచ్చుకొనెను. శాస్త్రకర్తయే గుమ్మమున కూర్చుండిన యింట ఆ శాస్త్రమునకు లొంగని వానికి చోటెక్కడ?

ఇక చోట్ల లెక్క చూడవలెను. నేడు ఆ లీగులో 32 జట్లు గలవు. ఒక్కొక్క జట్టు ఆటనాడు ఇద్దరు గోల్‌కీపర్లను సిద్ధపరచును, ఆడువాడు ఒక్కడే. ఉత్తర అమెరికా యంతటికిని, యూరపు ఖండమునకును కలిపి ఉన్నవి 64 ఆసనములు. వానిలో నిజమైనవి 32. ముందువరుస ఆటగాని విషయము వేరు. అట్టివారు జట్టునకు పండ్రెండుగురు దిగుదురు గనుక, విచిత్రమైన వానిని కూడ కొన్ని నిమిషములు దింపి చూడవచ్చును. థామస్‌తో కలిసి వెర్మాంటులో చదివిన మార్టిన్ సాన్ లూయీ ఐదడుగుల ఎనిమిదంగుళముల వాడు. అతనిని డ్రాఫ్టులో ఏ క్లబ్బును ఎన్నుకొనలేదు. 2000లో కాల్గరీ క్లబ్బు వదలుకొనగా టాంపా బే క్లబ్బు చేరదీసెను. 2004లో అతడు లీగునకు ఉత్తమ ఆటగాడై హార్ట్ ట్రోఫీని, జట్టుతో స్టాన్లీ కప్పును గెలుచుకొనెను. అతనికి ఎక్కుటకు మెట్లుండెను. గోల్‌కీపరునకు మెట్లు లేవు, గోడయే యున్నది. అతనిని కొంచెము రుచి చూచుట కుదరదు. దింపినచో ఆటయంతయు అతని చేతిలో పెట్టవలసినదే.

అందుచేత థామస్ దేశదిమ్మరి యయ్యెను. విశ్వవిద్యాలయము విడిచిన పిమ్మట అలబామాలోని బర్మింగ్‌హామ్, టెక్సాసులోని హ్యూస్టన్, ఫిన్లాండు రాజధాని హెల్సింకీ, కెనడాలోని హామిల్టన్, డెట్రాయిట్, స్టాక్‌హోమ్, ఔలు. పటము ముందు పెట్టుకొన్న విద్యార్థికి ఇది మంచి భూగోళ పాఠము. హెల్సింకీలో 1998లో అతని జట్టు దేశవిజేత యయ్యెను. అయినను బోస్టన్ క్లబ్బు 2002-03లో అతని నాడించినది నాలుగు ఆటలు. అనంతరము దాని దిగువజట్టున్న ప్రావిడెన్సునకు తిరిగి పంపెను. 2004-05లో యజమానులకు, ఆటగాండ్రకు తగవు వచ్చి నేషనల్ లీగు ఆటలన్నియు ఆగిపోగా, అతడు మరల హెల్సింకీ చేరి యోకెరిత్ జట్టున ఆడి, ఆ సీజనులో 15 ఆటలందు ఎదుటివారికి ఒక్క గోలైనను ఈయలేదు. అక్కడి ఆటగాండ్రు ఆ యేటి మేటి ఆటగానిగా అతనినే ఎన్నుకొనిరి. ఇంత జరిగినను 2005లో బోస్టనుకు వచ్చినపుడు తొలుత అతనికి దక్కినది మరల ప్రావిడెన్సే. ఆ సీజను నడుమ బోస్టన్ గోల్‌కీపర్లిద్దరును గాయపడిరి. అప్పుడు గాని తలుపు తెరువబడలేదు.

ఈ చివరి మాటను మరవరాదు. అచ్చున కొదుగని గోల్‌కీపర్లలో అగ్రగణ్యుడైన డొమినిక్ హాషెక్ కథయు ఇట్టిదే. చెకొస్లొవేకియా దేశపు ఈ మేటిని షికాగో క్లబ్బు 1983లో చాల వెనుకటి వరుసలో ఎన్నుకొనెను. 1990లో అమెరికా చేరిన పిమ్మట ఇండియానాపొలిస్ దిగువజట్టున కూర్చుండబెట్టెను. 1992లో బఫలో క్లబ్బునకు మార్చబడెను. అక్కడ కూడ 1993-94లో ప్రసిద్ధుడైన గ్రాంట్ ఫ్యూర్ గాయపడిన పిదపనే అతనికి వరుసగా ఆటలు దొరకినవి. ఆ యేడే ఉత్తమ గోల్‌కీపరున కిచ్చు వెజినా ట్రోఫీ అతనిది. మొత్తము మీద అట్టివి ఆరు. 1998లో నగానో ఒలింపిక్సులో తన దేశమునకు స్వర్ణపతకమును తెచ్చెను. ఇట్టివానికి కూడ ద్వారము తెరచినది పరీక్షకుల వివేకము కాదు, పరుని కాలి నొప్పియో కండర బాధయో యని తలచినపుడు, ఎవ్వరి కాలును నొవ్వక దిగువ లీగులలోనే ముదిసిపోయిన వారెందరో యను సందేహము కలుగక మానదు.

శిక్షకులు మూర్ఖులని దీని యర్థము కాదు. దిగువ లీగులో కొట్టువారి చేతివడి తక్కువ. అక్కడ చెల్లిన చిందులు పైలీగులో చెల్లక, పద్ధతిలోని రంధ్రములు బయటపడి, చాలమంది విచిత్రపుటాటగాండ్రు వెనుదిరిగి పోవుట నిజము. గోల్‌కీపరు ఎక్కడ నుండునో ముందుగా తెలిసినచో, రక్షకులకు తగిలి వెనుకకు వచ్చు బిళ్ళ ఎటు పోవునో తెలియును. తెలియనిచో జట్టంతయు తడబడును. ఇది కాదనరాని వాదము. హాషెక్‌ను, థామస్‌ను చూపి ప్రతి విచిత్రుడును మహనీయుడే యనుట మరియొక మూఢత. దిగువ లీగులో నున్న యువకుడెవడైన తన అవకాశ మెంత యని అడిగినచో, చాల స్వల్పమనియే చెప్పవలెను. దాచుట ద్రోహము.

కాని స్వల్పమగుటకు కారణము పద్ధతిలోని లోపమే యని చెప్పుట మాత్రము అసత్యము. అసలు చిక్కు తప్పులను వ్రాయు ఖాతాలో నున్నది. అచ్చున కొదిగినవాడు గోలిచ్చినచో నేడు అదృష్టము బాగులేదందురు. ఒదుగనివాడు అట్టి గోలే యిచ్చినచో ముందే చెప్పలేదా యందురు. మొదటివాని తప్పు ఆ పూటతో పోవును. రెండవవాని తప్పు అతని పద్ధతి పేర వ్రాయబడి నిలిచిపోవును. శిక్షకుని జంకునకును ఇదియే మూలము. ఒప్పుకొన్న పద్ధతివానిని దింపి ఓడినచో ఎవ్వరును నిందింపరు. విచిత్రుని దింపి ఓడినచో ఆ యోటమి శిక్షకుని మెడకు చుట్టుకొనును. తరగతిలో బాలుడు లెక్కను తనదైన దారిలో చేసి సరియైన ఫలితము తెచ్చినపుడు సున్న చుట్టు ఉపాధ్యాయుడును, వానిని నిలిపి ఈ దారి ఎప్పుడును ఫలించునా యని మరి పది లెక్కలిచ్చి చూచు ఉపాధ్యాయుడును లోకమున ఉన్నారు. రెండవవాని పని శ్రమతో కూడినది. గోల్‌కీపరు విషయమున ఆ పది లెక్కలు వేలకొలది దెబ్బలగును; నాలుగు ఆటలతో తేలునది కాదు. ఫిన్లాండులో, స్వీడనులో, ప్రావిడెన్సులో థామస్ ఎదుర్కొన్న దెబ్బల లెక్క యంతయు కాగితముపై నుండగనే, అతడు పడుతీరు చూచి తీర్పు చెప్పినవారు లెక్కను చదువని పరీక్షకులు.

పైగా నేటి వ్యాకరణము నిన్నటి విపరీతమే. గ్లెన్ హాల్ మోకాళ్ళపై దిగుట తొలిరోజులలో పలువురకు రుచింపలేదు. 1959 నవంబరు 1వ తేదీన న్యూయార్కులో ముఖము చీలిన జాక్ ప్లాంట్, ముసుగు తొడిగిన గాని మరల దిగనని పట్టుపట్టగా, మాంట్రియాల్ శిక్షకుడు టో బ్లేక్ అయిష్టముగనే ఒప్పుకొనెను. నేడు ముసుగులేని గోల్‌కీపరును ఊహింపగలమా?

చోటు దొరకిన పిమ్మటనైన థామస్ పద్ధతికి మన్నన కలిగెనా? అదియును లేదు. 2006-07లో ముఖ్య గోల్‌కీపరుగా ఆడినను, 2007 వేసవిలో క్లబ్బు మానీ ఫెర్నాండెజ్‌ను తెచ్చి పోటీకి నిలిపెను. 2009లో వెజినా ట్రోఫీ వచ్చెను. మరుసటి యేడు తుంటినొప్పితో ఆట తగ్గగనే యువకుడైన టూకా రాస్క్ ఆ చోటున నిలిచెను. శస్త్రచికిత్స చేయించుకొని వచ్చిన థామస్ 2010-11లో వేయి దెబ్బలకు 938 చొప్పున ఆపెను. అప్పటికది లీగు చరిత్రలో అత్యధికము. అంతకు ముందున్న 937 ఎవరిదో తెలిసినచో నవ్వు వచ్చును: హాషెక్‌ది.

ఆ 2011 స్టాన్లీ కప్పు తుదిపోరున ఎదుట నిలిచినవాడు వాంకూవర్ గోల్‌కీపరు రొబెర్తో లువాంగో. 1997 డ్రాఫ్టులో నాలుగవ వాడు, ఆజానుబాహువు, ప్రమాణ పద్ధతిలో ఆరితేరినవాడు. ఐదవ ఆటలో వాంకూవర్ గెలుపునకు చాలిన ఒక్క గోలు, థామస్ గోలు వదలి ముందునకు వచ్చియుండగా పడినది. అట్టి దెబ్బ గోలు కడనే నిలుచు తనకు సులభమగుననియు, థామస్‌వలె ముందునకు తిరుగువానికి ఇట్లు జరుగుచుండుననియు లువాంగో పత్రికలవారితో అనెను. తాను ఆపలేని కొన్నింటిని థామస్ ఆపగలడని కూడ చేర్చెను గాని, ఆ మాట నెవ్వరును చెవిని పెట్టలేదు. లువాంగో సామాన్యుడు కాడు. ఆ పోరులోనే రెండు ఆటలలో గోలన్నది ఈయలేదు. అయినను ఏడు ఆటలు ముగియునప్పటికి బోస్టన్ 23 గోల్సు చేయగా వాంకూవర్ చేసినవి ఎనిమిది. జూన్ 15వ తేదీన వాంకూవరులోనే జరిగిన ఏడవ ఆటలో థామస్ మీదికి 37 దెబ్బలు వచ్చినవి. ఒక్కటియు లోనికి పోలేదు. ఆ పోటీలలో ఉత్తమ ఆటగానికిచ్చు కాన్ స్మైత్ ట్రోఫీని అందుకొనునాటికి అతనికి ముప్పది యేడేండ్లు.