పచ్చి బాలింత మీద నింద

పుట్టిన ఒకటి రెండు రోజుల్లోనే బిడ్డ ఒంటి మీద సూదితో గుచ్చినట్టు ఎర్రచుక్కలు, కమిలిన మచ్చలు కనబడితే మన గూడేల్లో ముందు నిలదీసేది తల్లినే. ఏం తిన్నావు, ఎక్కడ తిరిగావు, ఏం దాటావు? వడ్డె ఒక కారణం చెబుతాడు, అత్త మరొకటి. చదువుకున్నవాళ్లు చెప్పేది ఇంకొకటి: మీవాళ్లకు శుభ్రత లేదు, తిండి లేదు. ఎటు తిరిగినా దోషి ఆమే. ఈ రెండు మాటలనూ మేము ఒప్పుకోము.

డెంగీ జ్వరాల పుణ్యమా అని ప్లేట్‌లెట్లు అనే మాట మనకు కొత్త కాదు. రక్తం కారకుండా ఆపే కణాలవి. లక్షన్నరకు తగ్గకూడదు. బిడ్డ ప్లేట్‌లెట్ల మీద తండ్రి నుంచి వచ్చిన గుర్తు ఒకటి ఉంటుంది. అది తల్లి రక్తంలో లేకపోతే ఆమె ఒళ్లు దాన్ని పరాయిదనుకుని ప్రతిరక్షకాలు తయారుచేయవచ్చు. అవి మాయ దాటి వెళ్లి బిడ్డ ప్లేట్‌లెట్లను నాశనం చేస్తాయి. ఆర్‌హెచ్ తేడా గురించి పాఠం చెప్పే టీచర్లకు ఇది తెలిసిన దారే. కాకపోతే ఆర్‌హెచ్ సాధారణంగా మొదటి కాన్పును వదిలేస్తుంది, ఇది మొదటి బిడ్డకే రావచ్చు. తల్లి ప్లేట్‌లెట్లు మామూలుగానే ఉంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఇందులో ఆమె చేసిన తప్పేమిటి?

మచ్చలకు వేరే కారణాలూ ఉంటాయి. అందుకే పరీక్ష అడుగుతున్నాం. ఐరోపాలో ఈ జబ్బు వెయ్యి కాన్పుల్లో సుమారు ఒకదానిలో కనబడుతుంది. అక్కడ ఎక్కువగా తగాదా పెట్టే గుర్తు వేరు, ఆసియాలో వేరు. తెల్లవాళ్ల పట్టిక చూసి కోయ బిడ్డకు, కొండరెడ్డి బిడ్డకు ఇది రాదని తేల్చేస్తే కుదరదు.

2023 జులై 1న సికిల్‌సెల్ మిషన్ మొదలైంది. ఏడు కోట్ల మందికి పరీక్ష అన్నారు. మంచిదే, మన పిల్లలూ వేలు చాపారు. మచ్చలున్న పసికందు ప్లేట్‌లెట్లు లెక్కపెట్టడానికి కూడా కొద్దిపాటి రక్తమే చాలు. లెక్క బాగా పడిపోతే మెదడులో రక్తం కారవచ్చు, వెంటనే ప్లేట్‌లెట్లు ఎక్కించాలి. అవి రక్తం సీసాలా ఫ్రిజ్‌లో ఉండేవి కావు. 20 నుంచి 24 డిగ్రీల వేడిలో ఆగకుండా కదుపుతూ ఉంచాలి, సాధారణంగా 5 రోజులే నిలుస్తాయి. భద్రాచలం నుంచి హైదరాబాదు 300 కిలోమీటర్ల పైమాట. పెద్దాసుపత్రికి పొమ్మని చీటీ రాసిస్తే అది వైద్యం ఎలా అవుతుంది? ఏజెన్సీకి దగ్గరలో ప్లేట్‌లెట్లు ఎప్పుడూ దొరకాలి.

ఒక బిడ్డకు వచ్చిందంటే తర్వాతి కాన్పులో మరింత గట్టిగా రావచ్చు. ముందే తెలిస్తే గర్భంలో ఉండగానే తల్లికి వారం వారం ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించే వైద్యం ఉంది. ఖరీదైనది, ప్రభుత్వమే భరించాలి. 2014లో చింతూరు, కూనవరం ఆంధ్రలోకి పోయినా అక్కడి ఆడవాళ్లు కాన్పుకు ఇప్పటికీ భద్రాచలం వస్తున్నారు. ఒక రాష్ట్రంలో రాసింది ఇంకో రాష్ట్రంలో పనికిరావాలంటే అది తల్లి చేతిలోని కార్డు మీదే ఉండాలి. బిడ్డ ప్లేట్‌లెట్ల లెక్క దాని మీద రాసివ్వమనండి. రాయకపోతే ఆశా అక్కను వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లండి. మేమూ వస్తాం.