సంత మన కోసం కాదు వదినగారూ!

డిసెంబరు వచ్చిందంటే పెందుర్తిలో మా ఇంటికి చుట్టాల తాకిడి మొదలవుతుంది. నా మీద ప్రేమ పొంగిపొర్లి వస్తారనుకుంటే పొరపాటే. మా ఇల్లు అరకు వెళ్ళే దారిలో ఉంది, అదీ సంగతి. అర్ధరాత్రి దిగుతారు. నాలుగు గంటలు కునుకు తీసి, తెల్లవారుఝామునే నాచేత పులిహోర కట్టించుకుని, కొత్తవలస, ఎస్. కోట మీదుగా ఘాట్ రోడ్డెక్కేస్తారు. మంచు చూడాలట. సాయంత్రం మళ్ళీ దిగబడి, వేణ్ణీళ్ళు పెట్టించుకుని, "అచ్చం స్విట్జర్లాండే అనుకో!" అంటారు. వాళ్ళలో స్విట్జర్లాండు చూసిన మొహం ఒక్కటీ ఉండదు.

కిందటి డిసెంబరులో మాత్రం నిజంగా ఆల్ప్స్ కొండలు చూసినావిడే వచ్చింది. మావారి అక్కగారు. వాళ్ళమ్మాయి జర్మనీలో ఉద్యోగం చేస్తోంది. అంతకు ముందు ఏడాది చలికాలమంతా కూతురి దగ్గరుండి వచ్చింది ఆవిడ. కూతురూ అల్లుడూ ఆవిణ్ణి ఒక కొండపల్లెకి క్రిస్మస్ సంత చూపించడానికి తీసుకెళ్ళారట. ఆ ముచ్చట రాత్రి పన్నెండింటిదాకా చెప్పింది.

"బొమ్మరిళ్ళలాంటి చెక్క కొట్లు. చూరులకి దీపాలు. పైనించి మంచు రాలుతూ ఉంటే వేడి వేడి మసాలా వైను తాగుతారు. నేను తాగలేదు సుమా! నాకు పిల్లలకిచ్చే పళ్ళరసం ఇచ్చారు. కప్పుకి వేరే డబ్బు కట్టించుకుంటారు. కప్పు తిరిగిచ్చేస్తే డబ్బు తిరిగిచ్చేస్తారు. నేలమీద ఒక్క కాగితం ముక్క ఉంటే ఒట్టు! ఇదిగో, ఈ చెక్క గొర్రెపిల్ల పద్ధెనిమిది యూరోలు."

"బేరం ఆడలేదా వదినగారూ?" అన్నాను.

"ఛీ, అక్కడ బేరమేమిటి! పాపం ఆ ముసలాయన చేత్తో చెక్కుకున్న బొమ్మ. అడిగితే మర్యాదగా ఉంటుందా?"

ఈ మాట కాస్త జ్ఞాపకం పెట్టుకోండి.

మర్నాడు వాళ్ళతో పాటు నేనూ వెళ్ళాను. అరకులో ఆ రోజు వారపు సంత. అల్లం కుప్పలు, పసుపు కొమ్ములు, చింతపండు, రాగులు, రాజ్మా. ఒక ముసలమ్మ చిన్న గోనెపట్టా పరిచి రాజ్మా పోసుకుని కూర్చుంది. డబ్బా వంద రూపాయలంది. మా వదినగారు యాభైకి అడిగింది. "గిట్టదమ్మా" అంది ఆవిడ. మనకి తెలిసిన విద్యే కదా, వదినగారు విసవిసా నాలుగడుగులు వేసింది. పొద్దు వాలుతోంది. ముసలమ్మ వెనక్కి పిలిచింది. అరవైకి కొలిచి పోసింది. "చూశావా, నలభై మిగిల్చాను!" అని కారెక్కుతూ గర్వంగా అంది మా వదినగారు.

పద్ధెనిమిది యూరోలంటే మన డబ్బులో పదిహేను వందలు దాటుతుంది.

నాకు తెలీక అడుగుతాను, చెక్క గొర్రెపిల్లకున్న మర్యాద రాజ్మాకి లేదా? అక్కడ ఉలి పట్టిన చెయ్యి చెయ్యీ, ఇక్కడ మెట్టచేలో కలుపు తీసిన చెయ్యి చెయ్యి కాదూ?

"బేరం మన ఆచారమే కదా, రైతుబజారులో ఆడమా?" అంటారు మీరు. ఆడతాం. పెందుర్తిలో కూరలమ్మే ఆవిడతో రోజూ నేనూ ఆడతాను. ఆవిడ నన్ను నాలుగంటుంది, నేను రెండంటాను. రేపు మళ్ళీ ఒకరి మొహం ఒకరం చూసుకోవాలని ఇద్దరికీ తెలుసు. అది సమానుల మధ్య జగడం. సంతలో ముసలమ్మ పని వేరు. చీకటి పడేలోగా ఊరు చేరాలి. అమ్ముడుపోని బరువు మళ్ళీ నెత్తిన పెట్టుకుని కొండెక్కాలి. అది మనకి తెలుసు, తెలిసే నాలుగడుగులు వేస్తాం. ఎదుటి మనిషి అవసరం చూసి ధర తగ్గించడాన్ని బేరం అనరు. దానికి వేరే పేరుంది. నేను ఆడదాన్ని, మర్యాద కోసం రాయడంలేదు.

ఇంకో సంగతి. క్రిస్మస్ సంత పండక్కి పెట్టే సంత. డ్రెస్డెన్ నగరంలో అది 1434 నుంచీ ఉందట. వచ్చేపోయే జనం కోసమే దీపాలు పెట్టి, కొట్లు అలంకరిస్తారు. అరకు సంత అలాంటిది కాదు. వారానికి సరిపడా ఉప్పూ, ఉల్లిపాయలూ, ఎండుచేపలూ కొనుక్కోడానికి, పక్క ఊరి ఆడపిల్లని పలకరించడానికి వాళ్ళు పెట్టుకున్న సంత. అది మన కోసం కాదు. మనం పిలవని పేరంటానికి వెళ్ళి, అక్కడి వంటింట్లోకి దూరి, గిన్నెల మూతలు తీసి ఫోటోలు తీసుకుంటున్నాం.

చేలూ అంతే. నవంబరు, డిసెంబరుల్లో వలిసె పూలు పసుపుపచ్చగా విరగబూస్తాయి. నూనె గింజల పంట అది, పూలతోట కాదు. మనవాళ్ళు చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని పంట మధ్యలోకి నడిచిపోతారు. తొక్కిన మొక్క గింజ కట్టదు కదా! దాంతో కొందరు రైతులు చేనుకి తాడు కట్టి, లోపలికొస్తే తలకి పదో ఇరవయ్యో ఇమ్మన్నారు. మా కారులోవాళ్ళు "ఇదేం దోపిడీ!" అని గగ్గోలు పెట్టారు. కప్పుకి డబ్బు కట్టించుకుంటే నాగరికత, చేనుకి కట్టించుకుంటే దోపిడీ!

తెల్లవాళ్ళంతా దేవుళ్ళని నేననడంలేదు. ఆల్ప్స్‌లోనూ ఈ బాధ ఉంది. ఆస్ట్రియాలో హాల్‌స్టాట్ అని సరస్సు ఒడ్డున చిన్న పల్లె. వెయ్యి మందైనా ఉండని ఊరిమీదికి లక్షల మంది వచ్చిపడుతుంటే, 2023లో ఫోటోలు దిగేచోట చెక్క తడిక అడ్డం కట్టారు. విమర్శలొచ్చి తీసేశారు. అదే ఏడు ఆగస్టులో ఊరివాళ్ళు రోడ్డెక్కి, ఇంతమంది మాకొద్దన్నారు. ఆ మాట ప్రపంచమంతా విన్నది. మన రైతు కట్టిన తాడుని మనం ఎత్తిపట్టుకుని దూరిపోయాం. తేడా అల్లా అంతే.

"మనం వెళ్ళబట్టే కదా వాళ్ళకి నాలుగు రాళ్ళు!" అంటారా? కొంత నిజమే, కాదనను. కానీ మనం రాకముందు వాళ్ళు గాలి భోంచేసి బతకలేదు. మనం మంచు చూసే రోజుల్లోనే, సిల్వర్ ఓక్ చెట్ల నీడన వాళ్ళు కాఫీ పళ్ళు కోస్తుంటారు. ఆ కాఫీ పేరుతో 2017లో పారిస్‌లో దుకాణమే తెరిచారు. 2019లో అరకు అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పారిస్‌లో ఎవరైనా "సగానికిస్తావా?" అని నాలుగడుగులు వేసుంటారంటారా?

అన్నట్టు, తిరుగు దారిలో మా వదినగారికి ఒక ముచ్చట పుట్టింది. "ఇక్కడో నాలుగు సెంట్లు కొని గెస్ట్‌హౌసు వేస్తే!" అని. కొనలేరు వదినగారూ, అన్నాను. 1959 నాటి చట్టాన్ని 1970లో బిగించారు. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. బొర్రా దగ్గరి గనుల లీజులతో మొదలైన సమత కేసులో, అక్కడి ప్రభుత్వ భూమిని కూడా గనులకోసం ప్రైవేటు కంపెనీలకివ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. "అయితే ఎవరి పేరునైనా..." అని మా వదినగారు మొదలుపెట్టి, నా మొహం చూసి ఆగిపోయింది. కొండ మిగిలిందంటే ఆ చట్టాల చలవ కొంత, మన వదినగార్లకి ధైర్యం చాలకపోవడం కొంత.

ఇంతకీ ఈ తిట్లన్నీ మా వదినగారికేనా? నేనేం తక్కువ తిన్నానా? ఎన్నో ఏళ్ళ కిందట నేనొక నవల రాశాను. అందులో హీరో హీరోయిన్ అరకు మంచులో చేతులు పట్టుకుని పరుగెత్తుతారు. మొన్న అట్ట చిరిగిన ప్రతి దొరికితే చదివాను. మూడు అధ్యాయాలు అరకులోనే జరిగాయి. కొండ మనిషి ఒక్కరే కనబడ్డారు. హీరోయిన్ జడలోకి పూలు తెచ్చిచ్చి నవ్వి వెళ్ళిపోయే పిల్ల. ఆ పిల్లకి పేరు కూడా పెట్టలేదు నేను. పెంపుడు కుక్కకి పెట్టాను. ఆ నవలకి బోలెడు ఉత్తరాలొచ్చాయి. ఆ పిల్ల పేరేమిటని ఒక్క పాఠకురాలూ అడగలేదు. రాసినదానికే పట్టకపోతే చదివేవాళ్ళకేం పట్టింది!

లంబసింగిని ఆంధ్రా కాశ్మీరమనీ, అరకుని ఆంధ్రా ఊటీ అనీ పిలుచుకుని మురిసిపోవడం కూడా ఇలాంటిదే. ఎవరి పేరో తగిలిస్తే తప్ప ఆ ఊళ్ళు మనకి కనబడవు. డిసెంబరులో ఆ లోయలోనూ క్రిస్మస్ వస్తుంది. చర్చిల ముందు, గుడిసెల చూరులకి కాగితం నక్షత్రాలు వేలాడుతుంటాయి. ఆల్ప్స్‌లో దీపాలు లెక్కపెట్టి వచ్చిన మా వదినగారు వాటివైపు తల తిప్పనైనా లేదు.

అందుకని ఈ ఏడు మా ఇంట్లో ఒక పద్ధతి పెడుతున్నాను. ఈ పత్రిక చదివే బంధువులు ముందే తెలుసుకోండి. పులిహోర కట్టిస్తాను, వేణ్ణీళ్ళు పెడతాను. ప్లాస్టిక్ సీసాలకి బదులు స్టీలు గ్లాసులూ, కూజా ఇస్తాను. ఒక్కో గ్లాసుకి వంద రూపాయలు నా దగ్గర కట్టి వెళ్ళాలి. సాయంత్రం గ్లాసూ, మీరు కొండమీద చేసిన చెత్త సంచీ రెండూ అప్పజెబితే మీ వంద మీకిచ్చేస్తాను. సంతలో బేరమాడొచ్చినట్టు తెలిస్తే మాత్రం ఇవ్వను. ఆ డబ్బు పట్టుకెళ్ళి ఆ ముసలమ్మ దగ్గర రాజ్మా కొంటాను, ఆవిడ చెప్పిన ధరకే.

మా వదినగారి నలభై ముందుగా నేనే కట్టేశాను.