పాముల పక్షమున ఒక మాట

పొలమున పాము కనబడినంతనే కఱ్ఱ నెత్తుట మన వాడుక. 1943లో జన్మించిన రోములస్ విటేకరుగారు ముప్పదియేండ్లు నిండకమునుపే మద్రాసునందు సర్పోద్యానమును స్థాపించి, ఎల్లరును ఏవగించుకొను ఆ ప్రాణులనుగూర్చి ప్రజలకు బోధింప దొడగిరి. పాముతోళ్ల వ్యాపారము నిషేధింపబడి ఇరుళజాతివారు జీవనము కోల్పోగా, 1978లో వారి సహకార సంఘస్థాపనకు తోడ్పడిరి. ఆ సంఘమువారు పాములను పట్టి, విషము తీసి, మరల విడిచెదరు. ఆ విషమునుండి పాముకాటు మందు తయారగుచున్నది.

జెఱ్ఱిపోతు విషములేనిది, ఎలుకలను తిని మన ధాన్యమును కాపాడును. దానిని చంపుట జీతమడుగని కాపరిని చంపుటయే యని మా యభిప్రాయము. విషసర్పమైనచో దూరముగా తొలగుడు. రాత్రివేళ దీపమును, చెప్పులను మఱువకుడు. కాటుపడినచో మంత్రమును నమ్మక తక్షణమే ఆసుపత్రికి పొండు.