ఎక్కడి నుంచైనా పని చేయొచ్చట, మన ఊరి నుంచి తప్ప!



చలికాలం వస్తే పట్నం వాళ్లు లంబసింగిలో లాప్‌టాప్ తెరిచి "కొండల్లోంచి పని" అని ఫోటోలు పెడతారు. పెట్టుకోనివ్వండి, వాళ్లుండేది రోడ్డు పక్క రిసార్టులో. అక్కడి నుంచి నాలుగు కొండలు దాటితే మా ఊరు. నాదీ ఇంటి నుంచి చేసే డేటా ఎంట్రీ పనే. కానీ రోజూ కొండెక్కి, మద్దిచెట్టు కింద రెండు గీతల సిగ్నల్ దొరికితేనే ఫైలు వెళ్లేది. వానొస్తే ఆ రోజు జీతం పోయినట్టే. "నీకు సీరియస్‌నెస్ లేదు" అంటాడు టీం లీడర్.

మనోళ్లే కొందరు "హైదరాబాద్ పోవచ్చు కదా" అంటున్నారు. ఎందుకు పోవాలి? సగం జీతం హాస్టల్‌కే పోద్ది, ఇక్కడ కాఫీ కోతకి మనిషి ఉండడు.

డబ్బుల్లేవనీ అనలేరు. సిగ్నల్ లేని పల్లెల కోసం టెలికాం కంపెనీల ఆదాయంలోంచి 5 శాతం తీసే నిధి 2002 నుంచి ఉంది. ఇప్పుడు దాని పేరు డిజిటల్ భారత్ నిధి. 2022 జులైలో కేంద్ర కేబినెట్ 24,680 ఊళ్లకి 4జీ అని 26,316 కోట్లు ఒప్పుకుంది.

మా పక్క ఊళ్లో టవరూ లేచింది. కరెంటు పోతే అదీ పోద్ది. బ్యాటరీలు గంట కూడా ఆగవు. లెక్కలో మాత్రం "టవర్ ఉంది".

అందుకే "టవర్ కావాలి" అని అర్జీలు చాలు. "నెలలో ఎన్ని గంటలు పనిచేసింది, బ్యాటరీ ఎప్పుడు మార్చారు" అని సమాచార హక్కు కింద అడుగుదాం. సోమవారం నేను పాడేరు వెళ్తున్నా. మీ ఊరి టవర్ ఆగిన తేదీలు పంపండి, అన్నీ కలిపి వేస్తా.

జై ఆదివాసీ.