వాన లెక్క సరే, పదును లెక్క ఏది?

2023 ఆగస్టు దేశమంతా ఎండిన నెల. 1901 నుంచి వాతావరణ శాఖ దగ్గర ఉన్న లెక్కల్లో అంత తక్కువ వాన పడిన ఆగస్టు మరొకటి లేదు. సాధారణం కన్నా 36 శాతం లోటు. సెప్టెంబరులో వానలు తేరుకున్నాయి. నాలుగు నెలలూ కలిపి చూసేసరికి దేశ సగటు 94 శాతం దగ్గర తేలింది. ఆరు శాతమే తక్కువ కాబట్టి కాగితం మీద అదేమంత చెడ్డ ఏడాది కాదు. కానీ జూలైలో వేరుశనగ విత్తి, ఆగస్టులో ఊడలు దిగాల్సిన చేను గట్టున నిలబడ్డ రాయలసీమ రైతుకు ఆ 94 ఎందుకూ కొరగాలేదు. ఆగస్టులో దిగని ఊడను సెప్టెంబరు వాన వచ్చి దించదు.

వేరుశనగ పైన పూసి లోపల కాసే పంట. విత్తిన నెల రోజులకు కాస్త అటూఇటూగా పూత మొదలవుతుంది. పువ్వు వాడాక దాని మొదట్లోంచి ఊడ బయలుదేరి, కిందికి సాగి మట్టిలోకి దిగుతుంది. ఆ ఊడ కొసే కాయ. పైమట్టి మెత్తగా, చెమ్మగా ఉంటేనే ఊడ దిగగలదు. ఎర్రనేల పైపొర ఆరిందంటే బిగుసుకుపోతుంది, ఊడ దాన్ని చీల్చలేక పైనే ఎండిపోతుంది. దిగిన ఊడకైనా తేమ కావాలి. కాయ తనకు కావలసిన కాల్షియాన్ని మొక్క వేళ్ల మీద ఆధారపడకుండా, చుట్టూ ఉన్న మట్టిలోంచి తానే నేరుగా తీసుకుంటుంది. అందుకే ఊడలు దిగే వేళకు ఎకరానికి 200 కిలోల జిప్సం వేయమంటారు. తేమ లేకపోతే ఆ జిప్సం కరగదు, కాయలో గింజ కట్టదు. పీకి చూస్తే కాయ కనిపిస్తుంది, ఒలిస్తే తాలు. మొలిచిన తొలి మూడు వారాల్లో కాస్త బెట్ట వస్తే ఇదే పంట ఓర్చుకుంటుంది, ఆ తర్వాత వాన పడితే పూత ఒక్కసారిగా విరగబూస్తుంది కూడా. అంటే బెట్ట ఎన్ని రోజులు ఉందన్నదొక్కటే చూస్తే చాలదు, పంట ఏ దశలో ఉండగా వచ్చిందన్నదీ చూడాలి.

నేల సంగతి ఇంకా ముఖ్యం. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది వాన 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి, ఈశాన్య రుతుపవనానికి తూర్పు తీరం దూరం. ఆ కొద్దిపాటి వాన పడేది కూడా చాలాచోట్ల లోతులేని, ఇసుకపాలు ఎక్కువున్న ఎర్రనేలల మీద. అలాంటి నేలలో అడుగు లోతున మొక్కకు అందేలా నిలిచే నీరు సుమారు 30 మిల్లీమీటర్లు. ఎకరానికి లెక్కేస్తే 1.2 లక్షల లీటర్లు. వినడానికి చాలా ఎక్కువ. కానీ గుబురుగా ఎదిగిన వేరుశనగ చేను ఎండపొద్దున రోజుకు నాలుగైదు మిల్లీమీటర్లు తాగేస్తుంది. వారానికల్లా నిల్వ అడుగంటుతుంది. ఒక్కరోజే 80 మిల్లీమీటర్లు కురిసినా ఆ నేల అంత నీటిని పట్టలేదు. మిగిలింది వాగులోకి పోతుంది, పోతూ పైమట్టిని కూడా పట్టుకుపోతుంది. రైతు పుస్తకంలో వాన 80 అని పడుతుంది, నేలలో నిలిచిన తేమ, అంటే చేనుకు దక్కిన పదును మాత్రం మళ్లీ వారం రోజులదే.

అదే జిల్లాలో తాడిపత్రి, ఉరవకొండ వైపు వెళితే నల్లరేగడి. లోతైన రేగడి ఎర్రనేల కన్నా ఎన్నో రెట్లు నీటిని దాచుకుంటుంది. అక్కడ ఖరీఫ్‌లో చేను బీడు పెట్టి, ఆగస్టు, సెప్టెంబరు వానలన్నీ నేలకు తాపించి, అక్టోబరు, నవంబరుల్లో శనగ విత్తుతారు. ఆ తర్వాత ఒక్క చినుకు రాకపోయినా మంచుకూ, లోపలి పదునుకూ శనగ పండుతుంది. కర్నూలు, నంద్యాల, ప్రకాశం రేగళ్లలో వేల కుటుంబాలు ఇలాగే బతుకుతున్నాయి. ఒకే మేఘం కింద ఒకే వాన పడినా ఈ రెండు నేలల రైతులకూ అది ఒకటే వాన కాదు. జిల్లా సగటు అంకె వీళ్లిద్దరినీ ఒకే వరుసలో నిలబెడుతుంది. నా అభ్యంతరం అక్కడే.

మన లెక్కల తీరు చూడండి. 24 గంటల్లో 2.5 మిల్లీమీటర్లు పడితే అది వర్షపు రోజు. ఆగస్టు ఎండకు ఆ తడి మధ్యాహ్నానికి మిగలదు. సాధారణం కన్నా 19 శాతం వరకు తగ్గినా అది సాధారణ వర్షపాతమే. కరవు ప్రకటనకు రాష్ట్రాలు అనుసరించేది 2016లో కేంద్రం సవరించిన కరవు మాన్యువల్. అందులో నేల తేమకు చోటు ఉంది, కాదనను. అయితే తొలి గడప వానలోటే. అది దాటాక చూసే సూచికల్లో నేల తేమ ఒకటి. వరుసగా నాలుగు వారాలు, తేలిక నేలలైతే మూడు వారాలు, వాన సాధారణంలో సగానికన్నా తక్కువ పడితేనే అది లెక్కకు వచ్చే బెట్ట. తేలిక నేలను విడిగా గుర్తించినందుకు సంతోషమే. కానీ వారానికే నిల్వ ఖాళీ అయ్యే నేలలో, ఊడలు దిగే వేళ, మూడు వారాలంటే పంట చేజారిపోయిన తర్వాతి సంగతి.

బీమాలోనూ ఇదే చిక్కు. వాన అంకెను బట్టి పరిహారం ఇచ్చే బీమాను దేశంలో తొలిసారి ప్రయోగించింది మన మహబూబ్‌నగర్‌లోనే, 2003లో. వేరుశనగ, ఆముదం రైతుల కోసం. నష్టం అంచనాకు అధికారి చేనుకు రావాల్సిన అవసరం లేకుండా, వర్షమాపకం చెప్పే అంకెతోనే డబ్బు అందాలన్నది ఆలోచన. మంచి ఆలోచన. కాకపోతే వర్షమాపకం మండల కేంద్రంలో ఉంటుంది, చేను నాలుగు ఊళ్ల అవతల ఉంటుంది. పైగా ఆ పరికరానికి పడిన వాన తెలుస్తుందే కానీ నిలిచిన పదును తెలియదు.

నేలను బట్టి మాట్లాడటం మనకు చేతకాదా అంటే అదీ కాదు. తెలంగాణలో పత్తి విత్తే ముందు శాస్త్రవేత్తలు ఏటా చెప్పే మాటే సాక్ష్యం: తేలిక నేలల్లో 50 నుంచి 60 మిల్లీమీటర్లు, బరువు నేలల్లో 60 నుంచి 75 మిల్లీమీటర్లు కురిశాకే విత్తండి. చెల్కకొక అంకె, రేగడికొక అంకె. విత్తే రోజున ఇంత స్పష్టంగా ఉన్న తేడా పంట మొలిచిన మర్నాటి నుంచి ప్రభుత్వ కాగితాల్లో ఎందుకు మాయమవుతుందో నాకు అర్థం కాదు. రైతు మాత్రం దాన్ని మర్చిపోడు. ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో వాన పడిందని వినగానే అతను గొర్రు కట్టడు. చేలోకి వెళ్లి జానెడు తవ్వి, మట్టి తీసి పిడికిట్లో నొక్కి చూస్తాడు. ఉండ కడితే విత్తుతాడు. పొడిగా రాలితే ఇంటికి వెళతాడు.

ఈ పరీక్షను కొలతగా మార్చడం కష్టమేమీ కాదు. అడుగు లోతు మట్టి తీసి తూచి, 105 డిగ్రీల వేడిలో ఒక రోజు ఆరబెట్టి మళ్లీ తూస్తే తేడా ఎంతో అదే తేమ. మండలంలో రెండో మూడో నేలలుంటాయి. ప్రతి నేలకూ రెండు చేలు ఎంచుకుని వారానికోసారి ఈ పని చేయించి, రైతు సేవా కేంద్రం గోడ మీద రాయవచ్చు: ఎర్రనేలలో ఇంకా ఇన్ని రోజుల పదును, రేగడిలో ఇన్ని రోజులు. వారానికి రెండుసార్లు వచ్చే వ్యవసాయ వాతావరణ సలహాకు అప్పుడు కాళ్ల కింద నేల ఉంటుంది. ఈ పని చేయగల మనుషులు నిన్నమొన్నటి దాకా ఉన్నారు. దేశవ్యాప్తంగా 199 జిల్లాల్లో కృషి విజ్ఞాన కేంద్రాలకు అనుబంధంగా నడిచిన వ్యవసాయ వాతావరణ యూనిట్లను 2024లో మూసేశారు. మెట్ట రైతుకు అది చేసిన నష్టం చిన్నది కాదు.

పదును ఎన్ని రోజులుందో తెలిస్తే చేయగలిగేది ఉంది. 2016 ఆగస్టులో ఎండుతున్న వేరుశనగకు ప్రభుత్వం అనంతపురంలో రెయిన్‌గన్లు పెట్టి తడులు ఇప్పించింది. ఎకరానికి 10 మిల్లీమీటర్ల తడి పెట్టాలంటే 40 వేల లీటర్లు కావాలి. పంట వాడిపోయాక ఆదరాబాదరాగా అన్ని నీళ్లు తెచ్చి ఎన్ని ఎకరాలు తడపగలం? ఏ మండలంలో ఏ నేల ముందు ఎండుతుందో పది రోజుల ముందే తెలిస్తే సేద్యపు కుంటలో ఉన్న కొద్ది నీళ్లూ ఊడల దశకే దాచుకోవచ్చు. అదును దాటితే వేరుశనగ ఆశ వదిలి ఉలవో, కొర్రో వేసుకొమ్మని ధైర్యంగా చెప్పవచ్చు. చేనంతా ఒకే పంట వేయకుండా కంది సాళ్లు కలుపుకోవడం, నేల ఎప్పుడూ ఏదో ఒక ఆకుతో కప్పి ఉండేలా వానలకు ముందే నవధాన్యాలు చల్లడం ఇప్పటికే చాలా ఊళ్లలో చేస్తున్నారు. ఇవన్నీ పదునును రెండు మూడు రోజులు పొడిగించే పనులే. ఊడల వేళ ఆ రెండు రోజులూ చాలా విలువైనవి.

కోత ముందు బెట్ట ఇంకో రకం. చివరి మూడు నాలుగు వారాలు నేల ఎండితే కాయకు బూజు పట్టి అఫ్లాటాక్సిన్ చేరుతుంది. అది విషం, ఎగుమతిలో సరుకు తిరగ్గొడతారు. ఆ బెట్ట మీద ఒక్కసారిగా వాన పడితే మన గుత్తి రకాలకు నిద్రావస్థ లేదు కనుక గింజ చేలోనే మొలకెత్తుతుంది. ఇది కూడా సీజన్ సగటు అంకెలో ఎక్కడా కనిపించదు.

2023 ఖరీఫ్ కరవును చూడటానికి కేంద్ర బృందం ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది డిసెంబరులో. జూలైలో విత్తిన వేరుశనగను అప్పటికే పీకేసి, కట్టె వామి వేసి ఉంటారు. ఖాళీ చేను చూపించి ఆగస్టులో ఊడలు దిగలేదని రైతు ఎలా రుజువు చేస్తాడు? ఆగస్టు మూడో వారంలో తన మండలం ఎర్రనేలలో అడుగు లోతున తేమ ఎంత ఉందో రాసి, సంతకం పెట్టిన కాగితం ఉంటే బృందం ఎప్పుడొచ్చినా చూపించవచ్చు. వచ్చే ఖరీఫ్ విత్తనానికి ముందే ఈ కొలత మొదలు కావాలి. అన్ని జిల్లాల్లో ఒకేసారి కుదరకపోతే రేకులకుంట, కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రాల చుట్టుపక్కల మండలాలతో మొదలుపెట్టినా సరే.