బడి చూడబోతే మొదట మరుగుదొడ్డి చూడండి

పదవ తరగతి ఫలితాలు వెలువడగానే మన పట్టణాల కూడళ్లన్నీ పిల్లల ఫోటోలున్న ఫ్లెక్సీలతో నిండిపోతాయి. జూన్‌లో బడులు తెరిచేలోగా బిడ్డను ఏ ప్రైవేటు పాఠశాలలో చేర్చాలన్న ఆందోళన మధ్యతరగతి ఇళ్లలో మొదలవుతుంది. ఫీజు ఎంత, సిలబస్ ఏది, ఐఐటీ ఫౌండేషన్ ఉన్నదా అని తల్లిదండ్రులు తప్పక అడుగుతారు. రోజుకు ఎనిమిది, పది గంటలు అక్కడ గడిపే బిడ్డ ఆరోగ్యం ఏమవుతుందని అడిగేవారు మాత్రం అరుదు. వైద్యునిగా నా అభిప్రాయం స్పష్టం: ర్యాంకుల పట్టిక చూడక ముందే మరుగుదొడ్డి చూడాలి.

కడుపునొప్పి, మూత్రంలో మంట, మలబద్ధకం అంటూ బడి పిల్లలు ఓపీకి రావడం ప్రభుత్వ వైద్యులందరికీ పరిచితమే. ‘బడిలో నీళ్లు తాగుతావా?’ అని అడిగితే చాలామంది, ముఖ్యంగా ఆడపిల్లలు, తల వంచుకుంటారు. తాగితే ఆ దొడ్డికి వెళ్లవలసి వస్తుందని వారి భయం. గంటల తరబడి ఆపుకొన్న మూత్రంలో సూక్ష్మక్రిములు వృద్ధి చెందుతాయి. ఆపుకొన్న మలం గట్టిపడి మూత్రాశయాన్ని ఒత్తుతుంది. దానితో ఇన్‌ఫెక్షన్ మళ్లీ మళ్లీ తిరగబెడుతుంది. మందు మేమిస్తాము, రోగకారణం మాత్రం బడిలోనే ఉండిపోతుంది. ఎదిగిన ఆడపిల్లలకు తలుపు గడియ, నీరు, ప్యాడ్లు పారవేయడానికి మూత ఉన్న బుట్ట లేకపోతే నెలకు కొన్ని రోజులు చదువు పోయినట్లే.

ఇవి మనం కోరే విలాసాలు కావు. బాలబాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు, సురక్షితమైన తాగునీరు, ఆటస్థలం ప్రతి పాఠశాలలో ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం నిర్దేశించింది. అదే చట్టంలోని 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. ప్రైవేటు పాఠశాలలకూ ఇవి వర్తిస్తాయి.

తర్వాత చూడవలసినది ఆటస్థలం. ఐదు నుండి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకు కనీసం 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. పగటి వెలుతురులో ఆరుబయట గడిపే పిల్లలకు హ్రస్వదృష్టి వచ్చే అవకాశం తగ్గుతుందని పరిశోధనలు తేల్చాయి. అపార్ట్‌మెంటు అంతస్తుల్లో ట్యూబులైట్ల కింద నడిచే బడిలో ఈ వెలుతురు ఎక్కడిది? బ్యాగు బరువు కూడా తూచి చూడండి. పిల్లవాని బరువులో పదవ వంతుకు మించరాదన్నది 2020 నాటి కేంద్ర విధానం. అంటే 25 కిలోల పిల్లవాని బ్యాగు రెండున్నర కిలోలు దాటకూడదు.

నిద్ర లెక్క మీరే వేయండి. ఆరు నుండి పన్నెండేళ్ల పిల్లలకు 9 నుండి 12 గంటలు, పదమూడు నుండి పద్దెనిమిదేళ్ల వారికి 8 నుండి 10 గంటల నిద్ర కావాలి. ఉదయం ఆరున్నరకు బస్సు, సాయంత్రం స్టడీ అవర్, ఇంటికి వచ్చాక హోంవర్కు అయితే పడుకునేసరికి పదిన్నర, లేచేది ఐదున్నర. మిగిలింది ఏడు గంటలే. పగలు చదివినది జ్ఞాపకంలో స్థిరపడేది నిద్రలోనే. నిద్రను కోసి మార్కులు పెంచాలనుకోవడం విత్తనాలు వండుకు తిని పంటకు ఎదురుచూడడం వంటిది.

భవనానికి రెండవ మెట్లదారి ఉన్నదా? కిటికీల ఇనుప చట్రాలు తెరుచుకుంటాయా? 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక ప్రైవేటు పాఠశాల కాలిపోయి 94 మంది చిన్నారులు మరణించారు. పాకలో మొదలైన మంటలనుండి బయటపడడానికి వారికి తగిన దారి లేకపోయింది. ఆ దుర్ఘటన తెలిసిన తర్వాత కూడా ఈ ప్రశ్న అడగడానికి మనం మొహమాటపడనక్కరలేదు.

‘ఇవన్నీ చూస్తే మా ఊళ్లో ఒక్క బడీ మిగలదు’ అని కొందరంటారు. నిజమే కావచ్చు. అప్పుడు ఉన్నవాటిలో మెరుగైనదాన్ని ఎంచుకొని, పదిమంది తల్లిదండ్రులు కలిసి మిగిలినవి అడగండి. ఒక్కరు అడిగితే టి.సి. తీసుకొమ్మనే యాజమాన్యం యాభైమంది అడిగితే కుళాయి బాగుచేయిస్తుంది. ఇదే కొలబద్దతో మీ ఊరి ప్రభుత్వ పాఠశాలనూ ఒకసారి కొలిచి చూడండి. కొన్నిచోట్ల అదే మెరుగ్గా కనబడవచ్చు.

ఆదివారం కాకుండా పనిదినాన, మధ్యాహ్న భోజన విరామంలో బడికి వెళ్లండి. ప్రిన్సిపాల్ గది దాటి వెనుకవైపు నడవండి. లోపలికి రానివ్వకపోతే మీకు కావలసిన సమాధానం దొరికినట్లే. రానిస్తే కుళాయి తిప్పి చూడండి, గడియ వేసి చూడండి, అక్కడ కనబడిన పిల్లలను నీళ్లు తాగారా అని పలకరించండి. ఆ తర్వాతే ఫీజు మాట్లాడండి.